చర్చి బడికి సత్యభామ రాలేదు

ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో సెప్టెంబరు వచ్చిందంటే ఒక ప్రశ్న తిరుగుతుంది. "బాబుకి చర్చి స్కూల్లో సీటొచ్చింది. ఆర్‌ఈ (మతవిద్య) క్లాసు నుంచి తప్పించాలంటే లెటర్ ఎలా రాయాలండీ?" పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఫార్మాట్ పెట్టేస్తారు. ఇంకొకరు "ఎందుకండీ, అక్కడ మంచి బుద్ధులే కదా నేర్పేది" అంటారు. ఈమధ్య ఆ ఫార్మాట్ కింద ఒక ఫొటో కూడా చేరింది. చర్చిలో వికార్ (అక్కడి మతగురువు) చేతుల్లో ప్లాస్టిక్ బొమ్మ, ఎదురుగా నేలమీద కూర్చున్న ఐదారేళ్ల పిల్లలు, ముందు వరసలో మన పిల్లాడు. కింద వ్యాఖ్య: "బాప్టిజం నేర్పించేస్తున్నారు, చూసుకోండి."

ఉత్తరం రాయొద్దనేదే నా మాట. అలాగని "మంచి బుద్ధులే కదా" అన్న ధీమా కూడా నాకు లేదు. ప్రాథమిక తరగతుల్లో మతపాఠం చెడిపోయేది క్రైస్తవం ఎక్కువై కాదు, పాఠం పలచనై. ఆ పలచనతనానికి ముందుగా బలయ్యేది బైబిలు కూడా కాదు, మన దీపావళి.

ఆమెన్ ఎప్పుడు అన్నారు?

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. పిల్లాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని "ఆమెన్" అన్నాడంటే అది ఆర్‌ఈ క్లాసులో నేర్చుకున్నది కాదు. అది కలెక్టివ్ వర్షిప్, అంటే రోజూ హాల్లో అందరూ కలిసి కూర్చునే పదిహేను ఇరవై నిమిషాలు. కొవ్వొత్తి వెలిగిస్తారు, ఒక పాట, ఒక చిన్న కథ, ఒక ప్రార్థన. ఆర్‌ఈ అలా కాదు. అది టైమ్‌టేబుల్లో లెక్కల్లాగా, సైన్సులాగా ఒక పాఠం. 1998 నాటి చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఈ రెండింటిలో దేన్నుంచైనా, పూర్తిగానో కొంతవరకో పిల్లల్ని తప్పించవచ్చు, కారణం చెప్పక్కర్లేదు. కానీ రెండూ వేరు వేరు హక్కులు. గ్రూపుల్లో తిరిగే ఫార్మాట్లో ఉండేది ఆర్‌ఈ ఒక్కటే. అంటే ప్రార్థన నచ్చనివాళ్లు పిల్లాణ్ని పాఠం నుంచి తప్పిస్తున్నారు, వాడు మాత్రం పొద్దున్నే ప్రార్థనలో కూర్చుని వస్తూనే ఉన్నాడు.

తప్పించిన పిల్లాడు ఏం చేస్తాడు? బడి వాణ్ని చూసుకోవాలి గానీ వేరే పాఠం చెప్పాల్సిన పని లేదు. లైబ్రరీ మూలన ఒక అసిస్టెంట్ పక్కన బొమ్మలకు రంగులేస్తాడు. వారానికి గంటో గంటంబావో. చర్చి బడులు ఆర్‌ఈకి బోధన సమయంలో కనీసం 5 శాతం ఇవ్వాలని చర్చి ఆఫ్ ఇంగ్లండ్ చెబుతుంది. వారానికి 25 గంటల బోధన అనుకుంటే అది 75 నిమిషాలు.

చర్చి బడుల్లోనూ ప్రధానంగా రెండు రకాలున్నాయి. వాలంటరీ కంట్రోల్డ్ బడిలో సాధారణంగా ఆ ప్రాంతపు కౌన్సిల్ ఒప్పుకున్న సిలబస్సే నడుస్తుంది, పక్కవీధి మామూలు ప్రభుత్వ బడిలో ఉన్నదే. వాలంటరీ ఎయిడెడ్ బడిలో ఏం చెప్పాలో పాలకమండలి తన ట్రస్టు పత్రం ప్రకారం, మామూలుగా డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం) సలహాతో నిర్ణయించుకుంటుంది. బడి బోర్డు మీద చర్చి పేరు చూసి కంగారుపడేవాళ్లు ముందు చూడాల్సింది ఆ రెండు మాటల్లో ఏది రాసి ఉందని.

1811లో నేషనల్ సొసైటీ పేరుతో చర్చి బడులు మొదలైనప్పుడు ఉద్దేశంలో దాపరికమేమీ లేదు. పేదపిల్లలకు చదువుతోపాటు చర్చి సిద్ధాంతం, కాటెకిజం (ప్రశ్నలు జవాబులుగా ఉండే మతబోధ) వల్లెవేయించడం. 1870 చట్టంలో పిల్లల్ని తప్పించే హక్కు వచ్చింది. అది సులువుగా సాగేలా మతపాఠాన్ని బడి మొదట్లోనో చివరలోనో పెట్టమన్నారు. పిల్లాడు ఆలస్యంగా వస్తే సరి, లేదా ముందే వెళ్తే సరి. ఇప్పుడు ఆ పాఠం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఉంటుంది, భోజనం తర్వాత సగం క్లాసు ఆవలించే వేళ. పాఠం ఉద్దేశం కూడా మారింది. టీచరు "దేవుడు లోకాన్ని చేశాడు" అనకూడదు. "దేవుడు లోకాన్ని చేశాడని క్రైస్తవులు నమ్ముతారు" అనాలి.

ఇక్కడే నాకు తీరని సందేహం ఒకటుంది. పొద్దున తొమ్మిదింబావుకు కొవ్వొత్తి ముందు "మనం ప్రార్థించుకుందాం" అన్నదీ, ఒంటిగంటన్నరకు "క్రైస్తవులు ఇలా నమ్ముతారు" అన్నదీ ఒకే టీచరు. ఆరేళ్ల పిల్ల ఆ రెంటి మధ్య గీత ఎలా చూస్తుంది? వర్షిప్ ఆహ్వానంలా ఉండాలి, బలవంతంలా కాదు అని చర్చి మార్గదర్శకాలు చెబుతాయి. మంచి బళ్లలో "ఈ ప్రార్థన మీదిగా చేసుకోవాలనుకుంటే చివర ఆమెన్ అనండి, లేకపోతే నిశ్శబ్దంగా కూర్చోండి" అంటారు. కానీ అందరూ ఆమెన్ అంటుంటే నిశ్శబ్దంగా కూర్చునే ఆరేళ్ల పిల్ల ఎక్కడ దొరుకుతుంది? వర్షిప్ నుంచి పిల్లను తప్పించిన తల్లిని నేను తప్పుపట్టను. పాఠం నుంచి తప్పిస్తే మాత్రం, ఆ గీత గురించి నేర్చుకునే ఒక్క చోటునుంచీ తప్పించినట్టే.

బొమ్మకు బాప్టిజం

ఇప్పుడు ఆ ఫొటో సంగతి. రిసెప్షన్లోనో (బడిలో నాలుగైదేళ్ల పిల్లల తరగతి), ఆ తర్వాతి ఇయర్ 1లోనో చాలా చర్చి బడుల్లో చేసే పాఠమే అది. పిల్లల్ని నడిపించుకుని చర్చికి తీసుకెళ్తారు. నీళ్ల తొట్టి, కూజా, తెల్లబట్ట, కొవ్వొత్తి. నీళ్లు ఎన్నిసార్లు పోశారు? మూడుసార్లు ఎందుకు? కొవ్వొత్తిని ఆ పెద్ద ఈస్టరు కొవ్వొత్తి నుంచే ఎందుకు వెలిగించారు? ఇన్ని ప్రశ్నలు పుట్టే పాఠం ప్రాథమిక బడిలో అరుదు.

చెడిపోయే చోటు ఒకటుంది. తల్లిదండ్రులుగా, గాడ్‌పేరెంట్లుగా పిల్లల్ని నిలబెడతారు. అసలు తంతులో వాళ్లు చెప్పే మాటలున్నాయి: "నేను క్రీస్తు వైపు తిరుగుతున్నాను" అని. అత్యుత్సాహమున్న టీచరు ఆ మాటలు కార్డు మీద రాసి పిల్లల చేత చదివిస్తుంది. నాటకమే, నిజమే. కానీ మొదటిమనిషిలో పలికిన ప్రమాణం నాటకంలో కూడా బరువే, ముఖ్యంగా అది నిజంగా నమ్మేవాళ్లకు. అందుకే తెలిసినవాళ్లు ఆ మాటల్ని వికారే చదివి చూపించేలా పెడతారు. పిల్లలు బొమ్మ పట్టుకుంటారు, కూజా అందిస్తారు, చూస్తారు. మీ బళ్లో ఏం చేశారో అడగాల్సిన ప్రశ్న అదే. ఫొటో చూసి అడగాల్సింది "ఎందుకు తీసుకెళ్లారు" అని కాదు, "మావాడి చేత ఏమన్నా పలికించారా" అని.

ఇదే కొలత మన పళ్లేనికీ వర్తిస్తుంది. ప్రతి బడిలోనూ బీరువాలో ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, పైన "హిందూయిజం" అని చీటీ. లోపల స్టీలు పళ్లెం, గంట, హారతిదీపం, కుంకుమ భరిణె, అగరొత్తులు, తీర్థపు చెంచా, మూతలో ఇరుక్కున్న ఇత్తడి వినాయకుడు. "అనుభూతి కోసం" పిల్లల చేత ఆ వినాయకుడికి హారతి ఇప్పించే క్లాసులున్నాయి. బూట్లతో, వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు. ముస్లిం పిల్లకు ఇబ్బంది, క్రైస్తవ పిల్లాడికి ఇబ్బంది, బూట్లు చూసి మన పిల్లకు ఇంకో రకం ఇబ్బంది. బొమ్మ బాప్టిజం ఫొటోకు ఉలిక్కిపడ్డవాళ్లు హారతి ఫొటోకు చప్పట్లు కొడితే అది న్యాయం కాదు. ఏ మతమైనా చూడనివ్వొచ్చు, ముట్టుకోనివ్వొచ్చు, అడగనివ్వొచ్చు. చేయించకూడదు.

దయ అనే పెద్ద రబ్బరు

"మంచి బుద్ధులే కదా" అన్నవాళ్లకు ఇప్పుడు జవాబు. లూకా పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథ తీసుకోండి. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి, దొంగలు కొట్టి వదిలేసిన మనిషి, పక్కనుంచి వెళ్లిపోయిన యాజకుడు, వెళ్లిపోయిన లేవీయుడు, ఆగిన సమరయుడు. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోస్తాడు, సత్రంవాడికి రెండు దేనారాలు ఇస్తాడు. క్లాసులో దీని చివర వచ్చేది ఏమిటి? ముప్పై కాగితాల మీద ముప్పై వాక్యాలు: "నేను ఇతరుల పట్ల దయగా ఉంటాను." గోడ మీద బడి విలువల పోస్టరులో కూడా దయే ఉంటుంది కాబట్టి ఇన్‌స్పెక్షన్ వచ్చినవాళ్లకు అది చూడముచ్చటగా కనిపిస్తుంది.

కథలో పోయింది ఏమిటంటే సమరయుడే. విన్నవాళ్లు యూదులు, సమరయుల్ని అంటరానివాళ్లుగా చూసేవాళ్లు. కథ అడిగిన ప్రశ్న "సాయం చేస్తావా?" అని కాదు. "నువ్వు ఈసడించుకునేవాడు నీకు సాయం చేస్తే తీసుకుంటావా?" అని. అది చెప్పాలంటే పాఠం మొదట్లోనే పది నిమిషాలు ఆ రెండు జనాల పగ గురించి చెప్పాలి. సమరయుడు వచ్చేసరికి కథ ఆపాలి, "ఇప్పుడు వినేవాళ్ల మొహాలు ఎలా ఉండి ఉంటాయి?" అని అడగాలి. ఇయర్ 3 పిల్లలకు, అంటే ఏడెనిమిదేళ్లవాళ్లకు, ఇది బాగా అందుతుంది. వాళ్ల ఆటస్థలంలోనే ఎవరి పక్కన ఎవరు కూర్చోరో వాళ్లకు తెలుసు. తెలుగు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకైతే ఇంకో రకంగా కూడా తెలుసు, మనం నోరు విప్పి చెప్పకపోయినా.

చిత్రమేమిటంటే పెద్ద సిద్ధాంతాలు చిన్నపిల్లలకు కష్టమని దయతో సరిపెట్టేవాళ్లే, తప్పనిసరిగా త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడన్న నమ్మకం) చెప్పాల్సి వచ్చినప్పుడు మంచుగడ్డ, నీళ్లు, ఆవిరి తెచ్చి చూపిస్తారు. ఒకటే పదార్థం, మూడు రూపాలు. సులువుగా ఉంటుంది, తప్పుగానూ ఉంటుంది. అదే నీళ్లు ఒకేసారి మూడూ కాలేవు. దేవుడు వేషాలు మార్చుకునే ఒక్కడే అన్న ఆ భావాన్ని చర్చి తొలి శతాబ్దాల్లోనే కాదంది. దీనికి వాడాల్సింది కెటిల్ కాదు, మత్తయి మూడో అధ్యాయం. యేసు నీళ్లలో ఉన్నాడు, పావురం దిగుతోంది, పైనుంచి మాట వినిపిస్తోంది. ముగ్గురూ ఒకేసారి ఒకే బొమ్మలో. పిల్లల్ని ఆ బొమ్మ గీయమనండి, ఎవరెక్కడో బాణం గుర్తులు పెట్టమనండి. "మరి ఒక్కడే దేవుడని అన్నారు కదా?" అని తొమ్మిదేళ్ల పిల్ల అడిగిందంటే పాఠం పండినట్టే. క్రైస్తవులు పదిహేడొందల ఏళ్లకు పైగా అడుగుతున్న ప్రశ్నే అడిగింది మరి.

"యేసు శరీరధారణ" పాఠంలో, అంటే దేవుడు మనిషిగా పుట్టాడన్న పాఠంలో, తెలుగు పిల్లాడు చెయ్యెత్తి "మా రాముడిలాగానా?" అంటాడు. దానికి "అవును, అలాంటిదే" అన్న టీచరుకంటే, "ఏది ఒకటే, ఏది వేరు, చెప్పు చూద్దాం" అన్న టీచరు నాకు ఇష్టం. అవతారాలు పది, క్రైస్తవులు చెప్పేది ఒక్కసారి. ఆ తేడా నిజాయితీగా బల్ల మీద పెడితే ఎవరి మతం చిన్నబోదు.

రిసెప్షన్లో ప్రమిద, ఇయర్ 2లో ప్రమిద

ఇక మన వంతు. దీపావళి పాఠం ఇంగ్లండ్ ప్రాథమిక బడిలో ఎలా నడుస్తుందో నిమిషాల లెక్కన చెబుతాను. గాలికి ఆరే బంకమట్టి ముద్ద పిల్లకొకటి. చేతులు కడుక్కోవడం, చొక్కాలు మడవడం, ముద్ద పంచడం పదిహేను నిమిషాలు. ప్రమిద చేయడం ఇరవై ఐదు. ఆరడానికి ఒకటి రెండు రోజులు. తర్వాతి వారం రంగులు, మెరుపుపొడి, ఇంకో గంట. రెండు వారాలు అయిపోయాయి. కథకు మిగిలేది పది నిమిషాలు: రాముడు, సీత, పదితలల రావణుడు, అయోధ్యలో దీపాలు. ఇది రిసెప్షన్లో చేస్తారు. ఇయర్ 2లో మళ్లీ చేస్తారు. ఇయర్ 4లో ప్రమిద బదులు కాగితపు ముగ్గు, కథ అదే.

దీనికి తోడు "ఐదు రోజుల పండుగ" అని పటం. మన ఇళ్లలో అది నరక చతుర్దశి పొద్దున తలంటు, అమావాస్య రాత్రి దీపాలు. రాముడు మనకు వచ్చేది శ్రీరామనవమికి, పానకం వడపప్పుతో. దీపావళికి మన కథ నరకాసురుడిది. పోతన భాగవతంలో సత్యభామ విల్లందుకుని నిలబడే ఘట్టం విన్న ఏ పిల్లా మర్చిపోదు. చీర కట్టిన ఆవిడ యుద్ధంలో ముందు నిలబడటం, పక్కనే కృష్ణుడు చూస్తుండటం. బ్రిటిష్ బడి పుస్తకాల్లో ఆడవాళ్లు ఏం చేశారని వెతికి వెతికి పెడుతున్న ఈ రోజుల్లో ఆవిడను ఒక్కరూ పిలవకపోవడం విడ్డూరం.

ఆరు గంటలు ఇస్తే ఏం చేయొచ్చు? మొదటి గంట భారతదేశం పటం, ఎక్కడ ఏ కథ. రెండోది అయోధ్య, మూడోది సత్యభామ. నాలుగో గంటలో జైనులకు అదే రోజు మహావీరుడి నిర్వాణమని, సిక్కులకు గురు హరగోవింద్ చెర నుంచి విడుదలని. అయిదో గంట, ఒకే దీపానికి ఇన్ని కథలెందుకు అన్న ప్రశ్న. ఆరోది రాసుకోవడానికి. మట్టి ఆర్ట్ క్లాసుకు పంపేయండి, అక్కడ దానికి చోటుంది.

పైతరగతుల్లో ఇంకో పాఠం ఉంది, ఉప్పునీళ్లది. ఛాందోగ్యంలో ఉద్దాలకుడు శ్వేతకేతు చేత నీళ్లలో ఉప్పు వేయించి, తెల్లారి పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి చప్పరించమన్న ఘట్టం. మంచి పాఠమే, ఎవరి కాగితపు కప్పు వాళ్లకిస్తే. తేడా వచ్చేది బోర్డు మీద. ఇంగ్లిషు లిపిలో బ్రహ్మం, బ్రహ్మ, బ్రాహ్మణుడు ఒకదానికొకటి అక్షరమో రెండక్షరాలో తేడా. పరీక్షకాగితంలో "హిందువులు నాలుగు తలల పూజారిని కొలుస్తారు" అని వచ్చిందంటే తప్పు పిల్లాడిది కాదు. మూడు మాటల్నీ ఒకే రోజు చెప్పకూడదు, అంతే. ఇంకా, "హిందువులు బ్రహ్మాన్ని నమ్ముతారు" అని విన్న పిల్ల ఇంటికెళ్లి అమ్మమ్మను అడిగితే, ఆవిడ "ఎవరే వాడు? మనది వెంకటేశ్వరస్వామి" అంటుంది. "హిందువులు" అన్న మాట ముందు "కొందరు", "చాలామంది" అని ఒక్క మాట చేరిస్తే ఆ అమ్మమ్మకూ క్లాసులో చోటు దొరుకుతుంది.

సాక్షిగా నిలబెట్టడం

"మన పిల్లలు క్లాసులో ఉంటే తప్పులు వాళ్లే చెబుతారు కదా" అనేవాళ్లున్నారు. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. ఇప్పుడు అంత నమ్మకం లేదు. ఒక ఇయర్ 3 క్లాసులో జరిగింది వినండి. దీపావళి పాఠం. టీచరు నవ్వుతూ ఒక తెలుగు అమ్మాయి వైపు తిరిగి, "మీ ఇంట్లో ఎలా చేస్తారో చెప్తావా?" అంది. ఆ పిల్ల ఇంటివాళ్లు గుంటూరు లూథరన్లు. 1842లో హేయర్ దొర గుంటూరులో మిషన్ పెట్టిన తర్వాతి తరాల నుంచీ క్రైస్తవులే. పిల్ల ఒక క్షణం ఆగింది. టీచరు మొహంలో ఆశ చూసింది. "రాముడు ఇంటికొచ్చాడని దీపాలు పెడతాం" అంది. అది రిసెప్షన్లో ఆ బడే తనకు నేర్పిన వాక్యం. టీచరు దాన్ని పెద్ద పుస్తకంలో పిల్ల పేరుతో రాసుకుంది, "విద్యార్థి స్వానుభవం" కింద. బడి చెప్పిందే తిరిగి బడికి సాక్ష్యంగా వచ్చింది. ఒంటిరంగు చూసి మతం రాసేసుకున్నారు.

మరి పిల్లల్ని అడగకపోతే టీచరుకు ఎలా తెలుస్తుంది? టీచరు మీద మొత్తం వేయడం కూడా తేలికే. ప్రాథమిక టీచరు భిన్నాలూ, కండరాలూ, వైకింగులూ అన్నీ చెప్పాలి. వాళ్లకు ప్రణాళిక వేసుకోవడానికి బోధన సమయంలో పదోవంతు ఇవ్వాలన్న నియమం ఉంది. ఆ సమయంలో క్లాసు చూసే సహాయకురాలికి చాలాచోట్ల అప్పజెప్పేది ఈ ఆర్‌ఈనే. అంటే ఎక్కువ జాగ్రత్త కావలసిన పాఠం తక్కువ తయారీ ఉన్న చేతుల్లో పడుతుంది. ఆమె రాత్రి తొమ్మిదింటికి ఇంటర్నెట్లో వెతికితే దొరికేవి ప్రమిదే, రాముడే.

అందుకే ఉత్తరం రాయాలంటే వేరే ఉత్తరం రాయండి. క్లాసు టీచరుకు కాదు, బడిలో ఆర్‌ఈ బాధ్యత చూసేవాళ్లకు. బడి వెబ్‌సైట్లో ఏడాది ప్రణాళిక ఉంటుంది, ఏ తరగతికి ఏ నెలలో ఏ ప్రశ్న అని. పాఠానికి ముందువారం చెబితే పని జరగదు, అప్పటికే మట్టి కొనేసి ఉంటారు. ఉదాహరణకు 2026లో దీపావళి నవంబరు 8 ఆదివారం. అదే రోజు యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రిమెంబ్రెన్స్ సండే, అంతకు మూడు రోజుల ముందు మంటలు వేసి బాణసంచా కాల్చే బాన్‌ఫైర్ నైట్. చర్చి బడికి ఆ వారంలో ఊపిరాడదు. సెప్టెంబరు రెండో వారంలోనే పంపాలి. మిఠాయి పెట్టె వద్దు, అలర్జీల నియమాల వల్ల అది ఆఫీసు బల్ల దాటదు. అరపేజీ చాలు. ఇలా ఉన్నా సరిపోతుంది:

"మా ఇంట్లో దీపావళి రెండు రోజులు. మొదటిరోజు తెల్లవారకముందే నూనె రాసుకుని తలంటు పోసుకుంటాం. సాయంత్రాలు గుమ్మం ముందు మట్టిప్రమిదలు పెడతాం. మేము చెప్పుకునే కథ రాముడిది కాదు, సత్యభామది, అది ఒక పేజీలో జత చేశాను. మా పక్కింటివాళ్లూ తెలుగువాళ్లే, వాళ్లకు లక్ష్మీపూజ ముఖ్యం. మా ఎదురింటి తెలుగువాళ్లు క్రైస్తవులు, వాళ్లు పండుగ చేయరు. మా అమ్మాయిని క్లాసులో దీని గురించి అడగకండి. తనే చెయ్యెత్తితే మాత్రం వినండి."